పొత్తిగుడ్డలు, కరవునేల నీళ్ళు

ఏ ఊరికైనా కొత్తగా వెళ్ళినవారు చంటిబిడ్డ ఉన్న ఇంటిని ఎవరినీ అడుగకుండానే గుర్తుపట్టవచ్చును. ఆ ఇంటి దండెము మీద మూరెడు, మూరన్నర పొడవు గల మెత్తని గుడ్డలు వరుసగా ఆరుతూ ఉంటవి. వీటికే పొత్తిగుడ్డలని పేరు. ఇళ్ళలో వాడుకగా ఉచ్చగుడ్డలని కూడ అంటారు. అమ్మమ్మ చీర, తాత పంచె ఎన్నో సంవత్సరములు సేవచేసి, ఇక కట్టుటకు పనికిరావు అనుకొన్న తరువాత ఈ రూపములో మరొక జన్మ ఎత్తుతవి. ఇంత సామాన్యమైన వస్తువునకు చరిత్ర ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. రాజుల చరిత్ర వలె ఇది శాసనములలో దొరకదు. కాని రసాయనశాస్త్రమూ, సూక్ష్మజీవశాస్త్రమూ, చర్మవైద్యమూ ఈ గుడ్డ చుట్టూ చాల కాలము తిరిగినవి. కొన్ని చోట్ల ఆ శాస్త్రములు పొరపాటు పడినవి. ఆ పొరపాట్లకు పసిబిడ్డలు మూల్యము చెల్లించవలసి వచ్చినది.

ఈ కథను మనము ముదిగుబ్బ నుండి మొదలుపెట్టుదాము. అనంతపురము నుండి కదిరికి పోయే రోడ్డు మీద, ధర్మవరము–పాకాల రైలు మార్గములో ఉన్న ఊరు అది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలో ఉండి, ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఈ పీఠభూమి మీద ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశములో జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన చూచే జిల్లా అనంతపురమేనని భూగోళపాఠములలో తరచు చెప్తుంటారు. పెన్న, చిత్రావతి, మద్దిలేరు పేరుకు నదులే గాని, ఏడాదిలో ఎక్కువ కాలము వాటిలో కనిపించేది ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపుకొన్న తరములు ఈ ప్రాంతమున ఉన్నవి. 1876–78 నాటి మహాకరవులో ఈ నేల ఎంత నలిగినదో చరిత్ర చదివినవారికి తెలుసును. అప్పటికి ఇది బళ్ళారి జిల్లాలోని భాగము. అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది 1882లో.

ఇట్టి చోట బిడ్డ పుట్టిన ఇంటికి దినమునకు పది పన్నెండు గుడ్డలు ఉతకవలసిన పని వచ్చిపడుతుంది. వంటకు, త్రాగుటకు, గొడ్డుగోదకు పోగా మిగిలిన నీటిలోనే ఈ పని జరగవలెను. నీళ్ళు చాలని ఇళ్ళలో మూత్రముతో తడిసిన గుడ్డను ఉతకకుండానే ఎండలో ఆరవేసి తిరిగి వాడుకొనే అలవాటు ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దీనిని అశుభ్రత అని కొట్టివేయుట సులభము. అది నీటి లెక్క అని గ్రహించుట కొంచెము కష్టము.

ముందు గుడ్డ సంగతి చూడవలెను. పొత్తిగుడ్డకు పాత నూలుబట్టనే ఎందుకు ఎన్నుకొన్నారు? పేదరికము ఒక కారణము. కాని కలిగినవారు కూడ పాత చీరనే చించేవారు. ప్రత్తి పోగు పైన సహజముగా పలుచని మైనపు పొర ఉంటుంది. నేతకు ముందు పడుగుకు గంజి పెడతారు. ఈ రెండూ ఉన్నంతవరకు కొత్త కోరాగుడ్డ నీటిని వెంటనే పీల్చదు. విద్యార్థులు ఒక నీటిచుక్కను కొత్త కోరాగుడ్డ మీద, మరొక చుక్కను పాత పంచె మీద వేసి చూడవచ్చును. మొదటిది కొంతసేపు గుండ్రముగా నిలుస్తుంది. రెండవది వేసీవేయగానే ఇంకిపోతుంది. పది సంవత్సరములు చాకిరేవు బండ మీద దెబ్బలు తిన్న చీర నుండి మైనమూ, గంజీ పోయి, పోగులు విచ్చుకొని, మెత్తబడి ఉంటవి. అనగా, పొత్తిగుడ్డ తయారయ్యే కర్మాగారము చాకిరేవే.

ఆ చాకిరేవులో పనిచేసిన శాస్త్రము ఏమిటి? అనంతపురము ప్రాంతములోని పల్లపు నేలలలో అక్కడక్కడ తెల్లగా ఉప్పు పూసినట్లు చౌడు పైకి వస్తుంది. పైరుకు అది శత్రువు. రైతు తిట్టుకొనే ఆ మన్నునే చాకలివారు ఏరి తెచ్చేవారు. దానిలో సోడియము కార్బొనేటు, బైకార్బొనేటు, వాటితోపాటు మామూలు ఉప్పు, సల్ఫేటు ఉంటవి. చౌడు కలిపిన నీటిలో బట్టలను ముంచి, పిండి, పెద్ద బాన మూతి మీద పేర్చి, క్రింద మంట పెట్టేవారు. ఆవిరి రాత్రంతా ఆ మూట గుండా పోయేది. తెల్లవారి రేవునకు తీసికొనిపోయి, బండకు కొట్టి, జాడించి, ఎండలో ఆరవేసేవారు. ఐరోపాలో పల్లెటూరి స్త్రీలు చౌడుకు బదులు కట్టెబూడిద నీళ్ళు వాడేవారు. దానిలోని క్షారము పొటాషియము కార్బొనేటు. పద్ధతి దాదాపు ఒకటే.

1881లో జర్మనీలో రాబర్ట్ కోఖ్, ఆయన సహచరులూ వేడిగాలి కన్న నీటి ఆవిరి సూక్ష్మజీవులను చాల త్వరగా చంపుతుందని ప్రయోగములతో నిరూపించారు. ఆసుపత్రులలో ఆవిరి యంత్రములు అటుపిమ్మట వచ్చినవి. మన చాకలి బానలో ఆ పని అంతకు ఎంతో ముందు నుండి జరుగుతూనే ఉన్నది. సూక్ష్మజీవి అనే మాట ఆమెకు తెలియదు. అయినను బట్టలోని రోగము ఆవిరితో పోతున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పురిటి గుడ్డలను మైల అన్నారు. తల్లి గుడ్డలను, బిడ్డ గుడ్డలను పురుడు తీరేవరకు చాకలి స్త్రీయే ఉతికేది. దానికి ప్రతిఫలము కల్లములో కొలిచే మేర. కరవు సంవత్సరము వస్తే అదీ లేదు. రోగి పక్కబట్టలను ముట్టినవారికి కలరా అంటుకొన్న సందర్భములను లండనులో జాన్ స్నో 1855 నాటి తన గ్రంథములో చర్చించాడు. ఊరి మైలనంతా చేతులతో తీసిన స్త్రీకి అట్టి ప్రమాదము ఎన్నిసార్లు వచ్చినదో లెక్కపెట్టినవారు లేరు. అంతేకాదు, ఊరి చాకలి సేవ ఊరందరికీ అందేది కాదు. దళితవాడలలోని తల్లులకు ఆ సేవ లేదు, రేవులో చోటూ లేదు. వారి గుడ్డలు వారే ఉతుక్కొనేవారు, అదీ దొరికిన నీటితో. కనుక మన పూర్వుల శుభ్రత గొప్పదని చెప్పేటప్పుడు ఎవరి శుభ్రత, ఎవరి చేతులతో అని కూడ అడగవలెను.

పురుడు తీరిన తరువాత పొత్తిగుడ్డల పని ఇంటి స్త్రీల మీద పడేది. ఇంటిలో వాడినవి బూడిద, కుంకుడుకాయ. కుంకుడు చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సపిండస్. లాటిను భాషలో భారతదేశపు సబ్బు అనే అర్థము వచ్చే రెండు మాటలను కలిపి ఆ పేరు కట్టారు. కుంకుడులోని నురుగు పదార్థమునకు సాపోనిను అని పేరు. దీనికొక ప్రత్యేక గుణము ఉన్నది. అది తెలియాలంటే ముందు సబ్బు ఈ నీళ్ళలో ఎందుకు ఓడిపోతుందో చూడవలెను.

సబ్బు మన దేశమునకు సరకుగా వచ్చి ఎంతో కాలము కాలేదు. లీవర్ సోదరుల సన్‌లైట్ సబ్బుపెట్టెలు కలకత్తా రేవులో దిగినది 1888లో. దాని వెనుక ఫ్రెంచివారి కృషి ఉన్నది. 1791లో లెబ్లాంకు ఉప్పు నుండి సోడా చేసే మార్గము కనిపెట్టాడు. కొవ్వులు అంటే ఏమిటో, సబ్బు ఎట్లు ఏర్పడుతుందో షెవ్రూల్ తన 1823 నాటి గ్రంథములో వివరించాడు. కొవ్వు ఆమ్లమునకు సోడియము చేరితే సబ్బు. అది నీటిలో కరుగుతుంది. కాని ఆ నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు ఉంటే, సోడియము స్థానములో అవి చేరి కరగని జిడ్డు ముద్ద ఏర్పడుతుంది. నురుగు రాదు. ఇట్టి నీటిని కఠినజలము అంటారు. అబర్డీనులోని రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ క్లార్కు నీటి కఠినత్వమును సబ్బుతోనే కొలిచే పద్ధతిని ఏర్పరచాడు; సున్నము కలిపి నీటిని మెత్తబరచే తన విధానమునకు 1841లో పేటెంటు పొందాడు.

అనంతపురము పీఠభూమి నల్లరాతి, గ్రానైటు నేల. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీరే బావులకు, బోర్లకు ఆధారము. బోరు లోతు పెరిగినకొద్దీ నీరు రాతితో కాపురము చేసే కాలము పెరుగుతుంది. అనేక చోట్ల కఠినత్వము, ఫ్లోరైడు కూడ ఎక్కువగా ఉంటవి. ఫ్లోరైడు త్రాగేవారి పండ్లకు, ఎముకలకు చేటు. బట్టలకు దానితో పేచీ లేదు. బట్టలకు పేచీ కఠినత్వముతోనే. త్రాగునీటికి భారత ప్రమాణము కఠినత్వమును లీటరునకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదిస్తుంది. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఓర్చుకోవచ్చునంటుంది.

లీటరునకు 500 మిల్లీగ్రాముల కఠినత్వము గల నీటిని ఒక బిందెడు, అనగా 15 లీటర్లు, తీసుకొని లెక్క వేయుదాము. దానిలో కాల్షియము కార్బొనేటు లెక్కన 7.5 గ్రాముల కఠినత్వము ఉన్నది. ఒక గ్రాము కఠినత్వము సుమారు 6 గ్రాముల సబ్బును మ్రింగుతుంది. కావున బిందెడు నీటిలో మొదటి 45 గ్రాముల సబ్బు గుడ్డను ముట్టుకోకుండానే జిడ్డుగా మారిపోతుంది. కూలిడబ్బుతో కొన్న సబ్బులో ఎంత భాగము నీటిపాలయినదో చూడండి. పోయినది డబ్బు మాత్రమే అయితే బాగుండేది. ఆ జిడ్డు పోగుల నడుమ చేరి గుడ్డను అట్టవలె బిరుసు చేస్తుంది. నీటిని పీల్చే గుణమును తగ్గిస్తుంది. పది సంవత్సరములు బండ మీద సంపాదించిన మెత్తదనము నాలుగు వారములలో పోతుంది.

ఇప్పుడు చౌడు మన్ను గొప్పతనము అర్థమవుతుంది. దానిలోని సోడియము కార్బొనేటు నీటిలోని కాల్షియమును సుద్దగా మార్చి అడుగునకు దించుతుంది. అంటే చౌడు మురికిని వదిలించుటతో పాటు నీటిని కూడ మెత్తబరుస్తున్నది. బజారులో దొరికే సోడా పలుకులు చేసేది ఇదే. వాటిని మనము నేటికీ చాకలి సోడా అంటాము. పై బిందె నీటిని మెత్తబరచుటకు సుమారు 21 గ్రాముల పలుకులు చాలును. ఇక కుంకుడు సంగతి. సాపోనిను కాల్షియముతో కలిసి అట్లు జిడ్డు కట్టదు. కఠినజలములో కూడ నురుగు ఇస్తుంది. పైగా కుంకుడు రసము కొంచెము ఆమ్లగుణము గలది. ధర్మవరము పట్టుచీరను క్షారపు సబ్బుతో గాక కుంకుడు రసముతో ఉతకమని పెద్దలు చెప్పుటకు కారణము ఇదే. పట్టును క్షారము తింటుంది. బిడ్డ చర్మము కూడ క్షారమునకు ఓర్వదు. అయితే కుంకుడు సర్వరోగనివారిణి కాదు. మలపు మరకను, నూనె జిడ్డును వదిలించుటలో అది సబ్బు కన్న బలహీనము. దానిని పొగిడేవారు ఈ సంగతి చెప్పరు.

1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చిన తరువాత మన ఇళ్ళలో బట్టల ఉతుకు మారినది. ఈ పొడులలోని కృత్రిమ ప్రక్షాళకములు కఠినజలములో సబ్బు వలె ముద్ద కట్టవు. వాటితోపాటు సోడా కూడ కలుపుతారు. మురికి సులభముగా పోయినది. కాని జాడింపు పని పెరిగినది. పొత్తిగుడ్డ చరిత్రలో అసలు చిక్కు అక్కడే ఉన్నది. గుడ్డలో నుండి ఏమి పోయినది అన్నదాని కన్న గుడ్డలో ఏమి మిగిలినది అన్నదే బిడ్డకు ముఖ్యము. ఈ సంగతిని వైద్యులు గ్రహించినది కొన్ని విషాదముల తరువాతనే.

1886లో ఇంగ్లండులో రేనర్ అనే వైద్యుడు అప్పుడే పుట్టిన బిడ్డలు నీలముగా మారుటను వర్ణించాడు. గుండెజబ్బు కాదు, ఊపిరితిత్తుల జబ్బు కాదు. కొత్త పొత్తిగుడ్డల మీద ఆసుపత్రి ముద్ర వేసిన సిరాలో అనిలిను రంగు ఉన్నది. అది చర్మము గుండా రక్తములోనికి పోయి, ప్రాణవాయువును మోసే శక్తిని రక్తమునకు లేకుండ చేసినది. ముద్ర వేసిన గుడ్డలను ముందుగా ఉడకబెట్టి ఉతికితే ఈ ఆపద ఉండదు.

తరువాతి అధ్యాయము అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరములో జరిగినది. తెల్లవారుజామున బిడ్డ పక్క తీయగానే ముక్కును కొట్టే ఘాటు తల్లులందరికీ తెలిసినదే. అది అమోనియా. మూత్రములోని యూరియాను ఒక సూక్ష్మజీవి విడగొట్టి అమోనియా చేస్తున్నదనీ, తొడల వద్ద ఎర్రగా వచ్చే ఒరపునకు అదే కారణమనీ 1921లో కుక్ అనే శిశువైద్యుడు ప్రకటించాడు. ఆయన పూర్తి పేరు జీన్ వాల్జీన్ కుక్. విక్టర్ హ్యూగో నవలలోని నాయకుని పేరు తలిదండ్రులు పెట్టుకొన్నారు కాబోలు. సూక్ష్మజీవిని చంపితే ఒరపు పోతుందని తలచి, ఉతికిన గుడ్డలను కడపట పాదరస లవణపు నీటిలో ముంచుమని సలహా వచ్చినది. ఆలోచన తర్కమునకు సరిగానే ఉన్నది. కాని పాదరసము గుడ్డలో మిగులుతుంది, గుడ్డ బిడ్డ ఒంటికి అంటుకొని ఉంటుంది.

ఇట్టి కడపటి ముంపులు ఎంత దూరము పోయినవో చూడండి. అదే సెయింట్ లూయిస్‌లో 1967లో ఒక చిన్న ఆసుపత్రిలోని శిశువులకు ఉన్నట్లుండి జ్వరము, విపరీతమైన చెమట, గుండెదడ వచ్చినవి. ఇద్దరు మరణించారు. బట్టలుతికే చోట కడపటి జాడింపు నీటిలో కలిపిన సరకులో పెంటాక్లోరోఫినేటు అనే సూక్ష్మజీవినాశని ఉన్నదని పరిశోధనలో తేలినది. 1980 ప్రాంతములో బ్యూనస్ ఐరిస్ నగరములో ఇంటింటికి పొత్తిగుడ్డలు ఉతికి ఇచ్చే ఒక సంస్థ శిలీంధ్రములు పట్టకుండా పాదరసపు మందు వాడినది. వేలమంది పసివారికి ఆ పాదరసము సోకినది. గుడ్డలు కంటికి మల్లెపువ్వులవలె తెల్లగానే ఉన్నవి.

కుక్ సిద్ధాంతము ఏమయినది? 1977లో ఫిలడెల్ఫియాలో లైడెన్, క్లిగ్మన్ మొదలైన చర్మవైద్యులు ఒరపు ఉన్న బిడ్డలనూ లేని బిడ్డలనూ పోల్చి చూచారు. అమోనియాలో గాని, దానిని చేసే సూక్ష్మజీవులలో గాని చెప్పుకోదగిన భేదము కనిపించలేదు. అయితే అమోనియా నిర్దోషి కూడ కాదు. 1986లో బెర్గ్, బకింగ్‌హామ్ మొదలైనవారి ప్రయోగములతో సమాధానము దొరికినది. మలములో మాంసకృత్తులను, కొవ్వును విడగొట్టే ఎంజైములు ఉంటవి. మూత్రము నుండి పుట్టిన అమోనియా చర్మమును క్షారయుతము చేసినప్పుడు ఆ ఎంజైములు విజృంభించి చర్మపు పై పొరను కొరుకుతవి. తడి, రాపిడి తోడవుతవి. అనగా దోషి ఒకరు కాదు; మూత్రము, మలము కలిసినప్పుడే అసలు హాని. మలపు గుడ్డను వెంటనే విడదీసి కడుగుట, మూత్రపు గుడ్డలతో కలిపి నానవేయకుండుట అనే ఇంటిపద్ధతికి ఈ విధముగా 1986లో ఆధారము లభించినది. ఎండకు ఆరవేసి తిరిగి వాడిన గుడ్డ దోషము కూడ ఇక్కడ తెలుస్తుంది. యూరియా ఎండలో ఆవిరి కాదు. తిరిగి తడి తగులగానే, గుడ్డలో మిగిలి ఉన్న సూక్ష్మజీవులు దానిని అమోనియాగా మార్చుట మొదలుపెడతవి.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన మిగులు మరొకటి ఉన్నది. పాత చీరలను ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచుట వాడుక. అవి నాఫ్తలీను. కాన్పు దగ్గరకు రాగానే ఆ చీరలను తీసి పొత్తిగుడ్డలు చించుతారు. కొందరు బిడ్డల ఎర్రకణములలో జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించి ఉంటుంది. మన దేశములో కూడ అట్టి కుటుంబములు ఉన్నవి. నాఫ్తలీను వాసన పీల్చిన అట్టి బిడ్డలలో ఎర్రకణములు పగిలి, తీవ్రమైన పచ్చకామెర్లు వచ్చినట్లు 1963లో గ్రీసు దేశపు వైద్యులు ప్రకటించారు. అందుచేత బిడ్డ కొరకు దాచే గుడ్డల నడుమ ఆ ఉండలు వేయరాదు. వేసిన గుడ్డలు తప్పనిసరిగా వాడవలసి వస్తే పలుమార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేవరకు చాల దినములు ఎండలో, గాలిలో ఉంచవలెను. కొంచెము వాసన మిగిలినా అవి బిడ్డకు పనికిరావు.

ఇంతకూ కడపటి జాడింపునకు నీళ్ళు కావలెను గదా! ముదిగుబ్బ తల్లికి అవే లేవు. ఇక్కడ గణితము సహాయమునకు వస్తుంది. గుడ్డలను సబ్బునీటిలో నుండి తీసి గట్టిగా పిండినను వాటిలో ఒక లీటరు సబ్బునీరు నిలిచి ఉన్నదనుకొందాము. జాడించుటకు మన వద్ద ఒక బిందె, 15 లీటర్లు, ఉన్నది. మొత్తము నీటిని ఒకేసారి పోసి జాడించి పిండితే, 16 లీటర్లలో కలిసిన సబ్బు నుండి గుడ్డలలో మిగిలేది 16వ వంతు. అదే నీటిని మూడు భాగములు చేసి, ఐదేసి లీటర్లతో మూడుసార్లు జాడించి, ప్రతిసారీ అంతే గట్టిగా పిండితే? మొదటిసారి ఆరవ వంతు మిగులుతుంది. రెండవసారి దానిలో ఆరవ వంతు. మూడవసారి దానిలోను ఆరవ వంతు. మొత్తముమీద 216వ వంతు! నీరు ఒక చుక్క పెరగలేదు. మిగిలిన సబ్బు పదమూడు రెట్లకు పైగా తగ్గినది. రసాయనశాలలో అవక్షేపమును కొంచెము కొంచెము నీటితో పలుమార్లు కడగమని ఉపాధ్యాయులు చెప్పే సూత్రము ఇదే. నీళ్ళు మోసి తెచ్చే స్త్రీలకు ఈ లెక్క చేతికి తెలుసును. మూడవ జాడింపు నీరు దాదాపు శుభ్రమైనదే కనుక దానిని పారబోయక మరునాటి గుడ్డలకు మొదటి జాడింపుగా వాడుట, ఆ తరువాత వచ్చే మురికినీటిని పెరటి చెట్టునకు పోయుట కరవుసీమ ఇళ్ళలో చూడవచ్చును. కర్మాగారములలో దీనిని ఎదురుప్రవాహ ప్రక్షాళనము అని పెద్ద పేరుతో పిలుస్తారు. ఒక్క జాగ్రత్త: సోడా కలిసిన నీటిని రోజూ ఒకే చెట్టునకు పోస్తే అక్కడ కూడ చౌడు పడుతుంది. మలపు గుడ్డలు కడిగిన నీటిని కూరమళ్ళకు పోయరాదు.

నీరు పిసినారి అయిన నేల మీద ఎండ మాత్రము ఉదారముగా ఉన్నది. 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు పరిశోధకులు పోషకద్రవము నింపిన గాజునాళికలను ఎండలో పెట్టారు. కొన్నిటికి సీసపు రేకు చుట్టారు. రేకు చుట్టినవాటిలో సూక్ష్మజీవులు పెరిగి ద్రవము మసకబారినది. ఎండ తగిలినవి తేటగా ఉన్నవి. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములకు ఈ శక్తి ముఖ్యముగా ఉన్నదని తరువాత తెలిసినది. ఆ కిరణములు గుడ్డ మడతల లోపలికి పోవు. కనుక దండెము మీద గుడ్డను మడతపెట్టి వేయక, పరచి, మధ్యలో ఒకసారి తిరగవేయవలెను. నీడలో, చూరు క్రింద ఆరిన గుడ్డకు ఈ లాభము లేదు. కాని ఉతకని గుడ్డను ఎండ శుభ్రము చేయలేదని పైన చూచినాము. ఎండ జాడింపునకు తోడు, బదులు కాదు.

నేడు ముదిగుబ్బ వంటి ఊళ్ళ అంగళ్ళలో కూడ ఒకసారి వాడి పారవేసే డైపర్లు వ్రేలాడుతున్నవి. వీటి కథ చిన్నది. 1951లో అమెరికాలో మారియన్ డోనవన్ అనే తల్లి పొత్తిగుడ్డ మీద తొడిగే నీరు చొరని తొడుగుకు పేటెంటు పొందినది. 1961లో పాంపర్స్ బజారుకు వచ్చినవి. 1980 తరువాత సోడియము పాలీఅక్రిలేటు అనే పొడి చేరినది; అది శుద్ధజలమును తన బరువునకు వందల రెట్లు పీల్చుకొంటుంది, లవణములున్న మూత్రమును అంతకు చాల తక్కువగా. చర్మము పొడిగా ఉంటుంది, ఒరపు తగ్గుతుంది. దీనిని కాదనలేము. కాని వాడిన తరువాత అది ఎక్కడికి పోతుంది? 2016 నాటి ఘనవ్యర్థముల నియమావళి దానిని చుట్టి పొడిచెత్త బుట్టలో వేయమన్నది. తీసుకొని పోయే బండి లేని ఊరిలో అది వంకలో పడుతుంది, లేదా దిబ్బ మీద కాలుతుంది. వంకలో పడినది చెలమ నీటికి చేరువలోనే ఉంటుంది.

ఇందుకు ఆ తల్లిని ఆక్షేపించుట న్యాయము కాదు. 1995లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము అనంతపురము జిల్లాలో వందలాది గ్రామములకు కుళాయి నీరు తెచ్చినది. అది త్రాగునీటి కొరకు వేసిన పథకము. ఉతుకునకు నేటికీ బోరునీరే, బోరు ఎండిన వేసవిలో ట్యాంకరు నీరే. కూలికి పోయే స్త్రీకి పన్నెండు గుడ్డలు మూడుసార్లు జాడించే తీరిక కూడ నీటివలెనే కరవు. రాత్రికి, ప్రయాణమునకు డైపరు, పగటికి గుడ్డ అని చాల ఇళ్ళు తమంతట తామే ఒక ఒప్పందమునకు వచ్చినవి. అది తెలివితక్కువ ఒప్పందము కాదు.

ఉపాధ్యాయులు ఈ జాడింపు లెక్కను తరగతిలో రెండు గాజుగ్లాసులతో చూపవచ్చును. ఒక్కొక్క దానిలో ఒక చెంచాడు నీలిసిరా పోయండి. మొదటి గ్లాసులో 15 చెంచాల నీరు ఒకేసారి పోసి కలిపి, ఒక చెంచాడు మిగిల్చి తక్కినది పారబోయండి. రెండవ దానిలో ఐదు చెంచాలు పోసి కలిపి, ఒక చెంచాడు మిగిల్చి పారబోయండి, ఇట్లు మూడుసార్లు. తరువాత రెండిటినీ మంచినీటితో సమానముగా నింపి తెల్లకాగితము ముందు నిలబెట్టండి. మొదటి గ్లాసులో నీలము తేటతెల్లముగా కనిపిస్తుంది. రెండవ దానిలో నీలము ఉన్నదా లేదా అని పిల్లలు కొంతసేపు వాదించుకొంటారు.